బుల్లి మంద

వసిష్ఠ గట్టు దిగువన మా ప్రార్థన గది.
ఆగస్టు వరద గీసిపోయిన గీత
గోడ మీద నా మోకాలెత్తున ఇంకా ఉంది.
గుర్తుగా ఉంచాను, సున్నం వేయించలేదు అంటుంటాను.
డబ్బుల్లేకే.

నిన్న ఆదివారం పదకొండు మంది.
తడిసి ఎండిన హాజరు పుస్తకం
పేజీ తిప్పితే అప్పడంలా చప్పుడు చేస్తుంది.
మిగతావాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటెక్కి
నరసాపురంలో పెద్ద మైకులున్న మందిరానికి పోతున్నారు.
నేనేమీ అనుకోను.
కొంచెం అనుకుంటాను.

రాజమండ్రిలో చదివేటప్పుడు
గ్రీకు అయ్యగారు సుద్దముక్కతో బల్ల కొట్టి
ఒక మాట పలికించేవారు: పోయిమ్నియోన్.
మంద, అని రాసుకున్నాం అందరం.
"తోక చూడండ్రా" అన్నారు.
ఆ చివరి "ఇయోన్" ఉందే,
అది మాటని ఒళ్ళోకి తీసుకుని చిన్నది చేస్తుందట.
చాలదని, సువార్త రాసినాయన
దాని ముందు మళ్ళీ "చిన్న" పెట్టాడు.
అసలే చిన్నది, దానికింకో చిన్న.
తెలుగులో ఒకటే మిగిలింది.
రెండోది ఏ రేవులో దిగిపోయిందో
ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను.

ఇంకోటి కూడా చెప్పారాయన.
ఆ మాట పొట్టలో కాపరి ఉన్నాడు,
గొర్రె లేదు.

అది మంచిదే అయింది మాకు.
ఈ బురదలో గొర్రెల్ని చూసిన పిల్లలెంతమంది?
కాపరి బొమ్మ వెయ్యమంటే మా హెప్సిబా
గొర్రెలన్నిటికీ తాటాకు విసనకర్రల్లాంటి పాదాలేసింది.
ముక్కులు పసుపు.
"ఇదేంటమ్మా?"
"మందండి."
తప్పు దిద్దడానికి చెయ్యి రాలేదు.

సార్వా కోతలయ్యాక నెల్లూరు వైపు నించి
చెంగయ్య బాతుల్ని తోలుకొస్తాడు.
పొద్దుగూకితే నాలుగు వెదురు కర్రలు పాతి
చుట్టూ వల కడితే దొడ్డి.
తెల్లారితే దొడ్డి అతని భుజం మీద ఉంటుంది.
"ఎన్నున్నాయి చెంగయ్యా?"
"లెక్క తెల్దు సామీ. తగ్గితే తెలుస్తాది."
"ఎట్లా?"
"గోలలో బొక్క పడతాది."

నిన్న ప్రసంగంలో ఆ గ్రీకు మాట తీశాను.
రెండు చిన్నల సంగతి, తోక సంగతి,
చెప్తూ చెప్తూ నాకే నాలుక మెలిపడింది.
చాప చివర పరంజ్యోతమ్మ,
రొయ్యల షెడ్డులో తలలు తీసి తీసి
వేళ్ళు తెల్లగా పాసిపోయిన మనిషి,
తల ఎత్తకుండానే అంది:
"బుల్లి మందన్నమాట.
ఆ మాత్రందానికి గ్రీకెందుకండి?
మా వోణ్ణి బుల్లోడనే పిలిచేదాన్ని.
ఆరడుగులుండేవోడు."

ఉండేవోడు.

ఫ్యాను తిరుగుతోంది, తిరిగినట్టు వినపడలేదు.
పిల్లల గుసగుస కూడా ఆగింది.
పంటు మీద నించి ఆ రోజు జారినవాణ్ణి
మూడు రోజులు వెతికిన మగవాళ్ళలో
ఇద్దరు ఆ చాప మీదే ఉన్నారు.
నేను కీర్తన సంఖ్య చెప్పబోయి
తప్పు సంఖ్య చెప్పాను.
ఎవరూ పేజీ తిప్పలేదు.

అందరూ వెళ్ళాక పుస్తకం తీసి
పదకొండు అని రాశాను.
రాశాక కూడా కలం మూత పెట్టకుండా
ఎవరు లేరో వింటూ కూర్చున్నాను.
బయట చెంగయ్య బాతులు
గోల గోలగా బోదె దాటుతున్నాయి.