గుడ్డు ఎలా కావాలి

మార్చి నెల. సరిహద్దు నది మీద మంచు ఇంకా పగల్లేదు.
దుంపల లారీలు తొక్కిన రోడ్డంతా నల్లటి బురద.
అమ్మ మోకాలికి ఆపరేషనై ఏడు వారాలు.
ఆదివారం పొద్దున్నే అందరం కలిసి
డైనర్‌కి తీసుకెళ్ళాం ఆమెని,
ముప్పై ఒక్కేళ్ళు వెనక తలుపులోంచి వెళ్ళిన చోటికి
ముందు తలుపులోంచి.

తలుపు మీద గంట మోగింది.
ఆ గంట మోగితే తలెత్తడం ఆమె అలవాటు;
తను తోసిన తలుపుకే మోగినా తలెత్తి చూసింది,
ఎవరొచ్చారా అని.
"డెల్ఫీన్, ఇవాళ నీకు సెలవిచ్చారా?"
మూలనుంచి ఆల్సీడ్ ముసలాయన.

కిటికీ పక్క సీటు. చిరిగిన రెగ్జినుకి వెండిరంగు టేపు.
"ఈ టేపు నేనే వేశాను," అంది, కూర్చోకముందే.
తమ్ముడు రెజినాల్డ్ చేతికర్ర అందుకున్నాడు,
వాడి కూతురు మిరేయ్ నానమ్మ పక్క చోటు కొట్టేసింది.
నేను ఎదురుగా.

చిన్నప్పుడు బడికి ముందు రోజూ ఇక్కడే నా టిఫిను,
కౌంటరు చివర గుండ్రటి స్టూలు మీద,
కాళ్ళు నేలకందక గిర్రున తిరుగుతూ.
నాకు తెలిసిన అమ్మంటే
వీపు మీద ఏప్రను ముడి, చెవి వెనక పెన్సిలు,
ముంజేతి మీద వరసగా నాలుగు పళ్ళేలు.
ఆ మోకాళ్ళు వంగగా చూసిన గుర్తు లేదు.

కొత్తమ్మాయి వచ్చింది. రొమ్ము మీద పేరుబిళ్ళ: టెస్సా.
పట్టుమని పద్దెనిమిదేళ్ళుండవు.
అమ్మ మా అందరి తరఫునా చెప్పేసింది:
"వాడికి ప్లోయ్‌లు, మొలాసిస్ వేరే గిన్నెలో, మీద పొయ్యొద్దు.
దీనికి టోస్టు, అంచులు తీసెయ్.
పెద్దదానికి దుంపలు మాడేదాకా వేయించమను.
ఆల్సీడ్‌కి కాఫీ అయిపోయింది, చూసుకో."
పిల్ల రాసుకుంది, ఆల్సీడ్‌తో సహా.

"మరి మీకండీ?"

ఆ మెనూ అట్టని రోజూ తడిగుడ్డతో తుడిచిన మనిషి,
ధర పెరిగినప్పుడల్లా కాగితమ్ముక్క అంటించిన మనిషి
వేలు పెట్టి చదివింది.
పైనించి కిందికి. కిందినించి పైకి.
కాఫీ యంత్రం గుర్రుమంది. వంటింట్లో ఎవరో చెంచా పడేశారు.
"గుడ్లు," అంది చివరికి.
"ఎలా కావాలి?"

రోజుకి వందమందిని తను అడిగిన ప్రశ్న.
ఒకవైపా, రెండువైపులా, గట్టిగానా, చిదిమా.
ఊళ్ళో ఎవరి గుడ్డు ఎలాగో ఆమెకి కంఠతా,
చచ్చిపోయినవాళ్ళవి కూడా.
నాన్నకి సొన చిట్లకూడదు;
చిట్లిందంటే ఆ రోజంతా చిట్లినట్టే.

నావైపు చూసింది.
నలభై నాలుగేళ్ళ కూతుర్ని,
మా అమ్మ గుడ్డు ఎలా తింటుందో నాకు తెలీదు.
వంటింటి గుమ్మంలో నిలబడి
ఎవరో వదిలేసిన టోస్టు అంచు
గంటకీ గంటకీ మధ్య నోట్లో వేసుకోవడం చూశాను, అంతే.

"నానమ్మా, అన్నీ ఒక్కోటి చెప్పు," అంది మిరేయ్.
టెస్సా నవ్వలేదు. అందుకే నాకు నచ్చింది ఆ పిల్ల.
నాలుగు గుడ్లు, నాలుగు రకాలు
ఒకే పళ్ళెంలో వచ్చాయి,
పెళ్ళి పందిట్లో పలకరించుకోని చుట్టాల్లా.

అమ్మ ఒక్కోదాన్ని చివరనించి కొరికింది.
మేం తినడం మరిచిపోయాం, ప్లోయ్‌లు చల్లారాయి.
మూడోదాని దగ్గర ఆగింది:
నడుమ మెత్తగా, అంచు మాత్రం కరకరలాడుతూ వేగింది.
రొట్టెముక్కతో సొనంతా తుడుచుకుని తిని
తక్కిన మూడూ రెజినాల్డ్ వైపు తోసింది.

బిల్లు వాడు కట్టాడు. టిప్పు తనే పెట్టింది,
తడి గ్లాసుకి దూరంగా, సాసరు కింద, రెండు మడతలు వేసి.
లేస్తూ పళ్ళేలు ఒకదానిమీదొకటి పేర్చబోయి
చెయ్యి వెనక్కి తీసుకుంది.
ఫోర్కులు మాత్రం ఒకవైపుకి సర్దింది.

బయట ట్రక్కు ఎక్కిస్తుంటే
నా భుజం పట్టుకుని, ఊపిరి బిగబట్టి,
"ఉప్పు తక్కువేశాడు," అంది.
"వచ్చే ఆదివారం చెప్పాలి."