మూడు జానలూ నాలుగు వేళ్ళూ

మా ఇంట్లో ఒక ఇనపకడ్డీ ఉంది.
ఇప్పుడది కోళ్ళగూటి తలుపుకి అడ్డగడియ.
మూడు జానలూ నాలుగు వేళ్ళూ పొడుగు,
రెండు కొసలా చిన్న కొక్కేలు.
పట్టాల నడుమ పెట్టి చూసే కొలబద్ద అది.

మా తాత తిమోఫిది తెప్పల బతుకు.
మంచు కరిగే నెలలో
పైన చెక్క ఆనకట్ట తలుపులు ఒక్కసారిగా ఎత్తేస్తే
ఏరు ఒళ్ళు విరుచుకుని లేచేది.
దుంగల మీద నిలబడి దానితోపాటు దిగడమే పని.
ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఏటికి.
వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు,
దుంగల లెక్క రాశారు.

తర్వాత ఇటలీ రాతిపనివాళ్ళొచ్చి
కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు
సన్నటి రైలుదారి చుట్టారు.
ఇదీ ఒక బండేనా, ఇందులో మేక అడ్డంగా పట్టదని
తెప్పలవాళ్ళు పగలబడి నవ్వారట.
నవ్విన నోళ్ళన్నీ మూడేళ్ళు తిరక్కుండా
ఆ బండి మీదే కూలికి చేరాయి.
తాత చేతికి ఈ కడ్డీ వచ్చింది.

స్టేషను గోడ మీద వియన్నా చక్రవర్తి పోయి
బుకారెస్టు రాజు వచ్చాడు.
ఆయనా పోయి బుడాపెస్టు జెండా, మళ్ళీ బుకారెస్టు.
ఊరిపేరు చెరిపి రాసి, చెరిపి రాసి
బోర్డు రంగుతోనే లావెక్కింది.
కడ్డీ మాత్రం అంతే ఉంది.

నాన్న ఒలెక్సా దాన్ని భుజాన వేసుకుని
తెల్లారగట్ల తొమ్మిది కిలోమీటర్లు నడిచేవాడు,
నలభై అడుగులకోసారి వంగి.
"పట్టా అబద్ధమాడితే బండి బోర్లా" అనేవాడు.
అంతకుమించి పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

రంపపు మిల్లులో హెర్ష్ల్ అని గుమాస్తా.
చెవిమీద పెన్సిలు.
అరిగిపోయిన ముక్కలు నాకిచ్చి
"హాఫియా, నువ్వే నా వారసురాలివి" అనేవాడు.
నలభై నాలుగు, వసంతం. నాకు ఎనిమిదేళ్ళు.
ఆ రోజు బండి మీద దుంగలు వెయ్యలేదు.
హెర్ష్ల్, అతని భార్య గిట్లా, ఆవిడ తల్లి,
ఇంకా పదకొండు కుటుంబాలు
దుంగలానే గుంజలకి ఆనుకుని కూర్చున్నారు.
కింద పెద్ద లైను దాకా.

ఆ రోజూ నాన్న తెల్లారగట్లే నడిచొచ్చాడు.
ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.
ఈ మాట ముసలితనంలో చెప్పాడు, ఒక్కసారే,
కడ్డీని గోడకి ఆనించి
దాని వైపు చూడకుండా.

పదహారేళ్ళకి నన్ను ఇసకపొయ్యి దగ్గర పెట్టారు.
పట్టాల మీద మంచు పేరుకుంటే
చక్రాల ముందు చల్లడానికి పొడి ఇసక కావాలి.
శనగల్లేకుండా ఉత్త ఇసకే వేయించడం,
ఇరవై తొమ్మిదేళ్ళు.
జుట్టులో, రొట్టెలో, చంటివాడి చెవిలో ఇసక.
నా మొగుడు యూర్కో బ్రేకులవాడు.
నిండు బళ్ళు ఇంజను లేకుండా, కొండవాలునే నమ్ముకుని దిగుతుంటే
మా వంపు దగ్గర ఒక కేక వేసేవాడు.
కేక వినబడితే కూర పొయ్యెక్కించేదాన్ని.

ఒక జూలైలో ఏరు తిరిగొచ్చింది,
తాత దగ్గర పాత బాకీ ఏదో ఉన్నట్టు.
పన్నెండు కిలోమీటర్లు ఒక్క రాత్రిలో.
పొద్దున చూస్తే పట్టాలు
వేళ్ళతో సహా పడిన చెట్లకి జడల్లా చుట్టుకుని ఉన్నాయి.

మిగిలిన ముక్క మీద
ఎండాకాలం ఆదివారాలు విహారపు బండి.
పిల్లలు చేతులూపుతారు. నేనూ ఊపుతాను,
ఎందుకూపకూడదు, కూత అదే కదా.
అబ్బ, ఎంత అడవో, అంటారు పెద్దవాళ్ళు.
తాత చూసిన అడవికి
ఇది దూరపు చుట్టం కూడా కాదు.

మొన్న మ్యూజియం నుంచి ఒకబ్బాయి వచ్చాడు.
కడ్డీని గాజుపెట్టెలో పెడతాం, పేరు కూడా రాస్తాం అన్నాడు.
ఎవరి పేరని అడిగాను.
కాగితాలు తిరగేసుకున్నాడు.
ఇక్కడ నక్క తిరుగుతుంది బాబూ, ఇవ్వలేనన్నాను.

అతను వెళ్ళేసరికి చీకటి పడుతోంది.
కోళ్ళని తోలి, కడ్డీ అడ్డం పెట్టాను.
ఒక కొస కాస్త వదులు.
చెక్కపేడు దూర్చి బిగించాను.