గెట్టు మీది కూర

నెల ఇరవై నాలుగో తారీఖు.
డబ్బాల పప్పు గీకితే చెంచా చప్పుడే వస్తున్నది.
గ్యాసు బండను కాలితోని నూకితే
జరుగుతున్నది, అంత అల్కగ.
నాగర్‌కర్నూల్ అంగడిల టమాట ఎనభై.
ధర అడిగి,
ఏదో యాదికొచ్చినట్టు పక్కకు తప్పుకున్న.

అంగడి చివర్ల, చెప్పులు కుట్టే ఆయన గొడుగు అవతల
ఉశేనమ్మ కూసుంటది.
పాత చీరముక్క పరిచి, దాని మీద
తుమ్మి, దొగ్గలి, గునుగు, గంగవాయిలి,
నాకింకా పేరు పట్టువడని పుల్లటి ఆకొకటి.
ఎవరూ ఇత్తు పెట్టలే.
బోరు వేసి తడపలే.
లారీ ఎక్కి రాలే,
ఆమె నెత్తి మీద నడిచొచ్చినయి, అంతే.
పిడికెడు పది రూపాయలు,
సంచిల వేసినంక మళ్ళా చిటికెడు కొసరు.

మొదటిసారి కొన్నప్పుడు
ఎట్ల వండాల్నని అడిగితే నా ఐడీ కార్డు దిక్కు చూసి,
"సదువుకున్నోళ్ళకు అన్నీ చెప్పాలె" అన్నది.
తుమ్మికి చింతపండు జర ఎక్కువ పడ్తది.
గునుగును పెసరపప్పుల కలుపు.
గంగవాయిలి కాడలు పారేసినవో,
మళ్ళా నా తానికి రాకు.

అప్పటి సంది
డ్యూటీకి పోయేటప్పుడే బొబ్బర్లు నానేస్తా,
మాపటికి ఒక్క విజిలుకే మెత్తవడ్తయి.
బియ్యం కడుగు పారబోయను, కూర అండ్లనే ఉడుకుతది.
ఓనరమ్మ గిర్నీ పట్టించినప్పుడు
నాకూ ఒక సోలెడు జొన్నపిండి.

రూముల నాతోనుండే నర్సు మెహజబీన్
ఒకనాడు ఫోన్ల బొమ్మ చూపెట్టింది:
భూమిని కాపాడే భోజనమట,
హైదరాబాదుల ప్లేటు నాలుగు వందలట.
"మనం రోజూ కాపాడుతనే ఉన్నం గదా,
మనకెవ్వరు బిల్లు కడ్తలేరేంది?"
ఇద్దరం పొలమారేదాక నవ్వినం.
జీతం పడక అప్పటికి మూడు నెలలు.

పోయిన వారం
చీరముక్క మీద నాలుగు నిమ్మకాయలే ఉన్నయి.
"ఆకు లేదా?"
"ఉన్నది."
ఎనుక దాసిన గంప మీది గుడ్డ తీసింది.
నిండుగ, లేతగ, నిగనిగ.

"గెట్ల పొంటి గూడ గడ్డిమందు కొట్టిండ్రు బిడ్డా.
తెంపినంక వాసనొచ్చింది.
ఇంకో రెండు దినాలు గిట్లనే పచ్చగుంటది.
సచ్చిన సంగతి దానికి ఇంక ఎరుక లేదు."

"మరెందుకు మోసుకొచ్చినవ్?"

"ఆడ పారేస్తె మేకలు తింటయి."

పది రూపాయల నోటు నా చేతులనే ఉన్నది.
కడుక్కుంట, ఉడికిస్త, ఏం కాదు అనబోయిన.
"నేను అమ్మ" అన్నది.
ఆ మాట నాకు రెండు దిక్కుల నుంచి వినవడ్డది.

ఆ రాత్రి పచ్చిపులుసు.
ఉల్లిగడ్డ సగమే.

తెల్లారి ఆసుపత్రిల,
నేను నెత్తురు పరీక్షలు చేస్తా, చెప్పలే గదా,
తిమ్మాజిపేట దిక్కుంచి వచ్చిందొకామె.
ఏడు నెలల కడుపు.
రక్తం ఏడున్నర.
ఆకుకూరలు మంచిగ తినాలెనని
రోజుకు ఇరవై మందికి చెప్పే మాట
నోటి దాక వచ్చి నిలవడ్డది.
"మీ దిక్కు గెట్లకు మందు కొడ్తుండ్రా?"

సూది గుచ్చిన వేలుకు దూది ఒత్తుకుంటా
ఆమె జరసేపు నన్నే చూసింది.

"మా ఆయన పొయ్యేది ఆ కూలికే మేడం.
పంపుకు యాభై."

చీటీ మీద ఏడున్నర రాసిన.
కింద చానా జాగ మిగిలింది.