రెండో కాగితం

మునుగోడు దవాఖానల నా గది చిన్నది.
ఒక బల్ల, ఒక ఈసీజీ మిషన్, జెల్లీ డబ్బా, నేను.

పుట్టపాక నుంచి వచ్చింది వనం అండాలు.
ఎడమ రెట్ట గుంజుతుందట, దవడ బరువెక్కిందట,
తెల్లారి నుంచి రెండుసార్లు కక్కిందట.
"ఆసు పోసిపోసి రెక్క పోయింది బిడ్డా" అన్నది,
తన రోగం తనే రాసుకొచ్చినట్టు.
నిజమే కావచ్చు.
ఒక్క చీరెకు ఆ చెయ్యి
ఈ మేకు నుంచి ఆ మేకుకు
ఎన్ని వేల సార్లు పోయి రావాలె!

గాజులు పైకి జరిపి జెల్లీ రాస్తే
సల్లగ తగిలి ఉలిక్కిపడ్డది, నవ్వింది.
"కదలకు అత్తా, మాట్లాడకు."

గులాబీ గళ్ళ మీద నల్లగీత నడిచొచ్చింది.
చిన్న దిబ్బ: పై అరలు ముడుచుకున్నయి.
నిట్టనిలువు మొన: కింది అరలు పిడికిలి బిగించినయి.
ఇంకో దిబ్బ: పిడికిలి సడలింది.
మళ్ళా మొదటికి.

పెనిమిటి జగదీశం కండ్లద్దాలు తీసి పెట్టుకున్నడు.
నలభై ఏండ్లు గళ్ళకాగితం మీదనే డిజైన్లు గీసినోడు.
"గడికి ఎన్ని పోగులు?"
"పోగులు కాదు మామా, కాలం.
ఇరవై అయిదు చిన్న గళ్ళు నడిస్తే ఒక సెకను."
"గీత సక్కగనే ఉన్నది కద" అని
ఆటో పిలవబోయిండు.

గీత సక్కగనే ఉన్నది.
కాని ఆమె పైపెదవి మీద చెమట,
ఫ్యాను కింద, మాఘమాసంల.
చెమటను మిషన్ రాయదు.
పది సెకన్ల ముచ్చటే అది చెప్పేది,
పదకొండోది దానికి తెల్వది.
"కూసోండ్రి. ఇంకోటి తీస్త."

ఇరవై నిమిషాలు గోడ గడియారం దిక్కే చూసిన.

రెండో కాగితం.
రెండు, మూడు, ఏవీఎఫ్.
మొన దిగినంక గీత నేలకు రాలేదు.
రెండు గళ్ళ పైననే ఆగి
అట్లనే పోయి దిబ్బల కలిసిపోయింది.
నాకంటె ముందు జగదీశం వేలు పెట్టిండు:
"ఈడ చిటికి జారింది."
సరిగ్గ ఆడనే.
గుండె అడుగు గోడకు నెత్తురు అందుతలేదని
ఆయనకు చెప్పే మాట దొరకలే,
డాక్టరు సారు కోసం ఉరికిన.

నమిలే గోళీలు, సూది.
నూట ఎనిమిది బండి నల్గొండ తొవ్వ పట్టేముందు
రెండు కాగితాలూ తనకియ్యమన్నడు.
జిరాక్స్ తీసి ఇచ్చిన.
నూనెల నానిన నూలుకెక్కిన రంగు కాదిది,
నాలుగెండలకు ఎలిసిపోతది.

క్లిప్పుల జెల్లీ తుడుస్తున్న.
తలుపు కాడ ఇంకెవరో, ఎదురొమ్ము రుద్దుకుంట:
"గ్యాసే కావచ్చు గని, సిస్టరమ్మా..."