తలతో సహా

ఆకివీడులో కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
ఓలేటి నాంచారయ్య గారు ఫోను నా బల్ల మీద పెట్టి
"చూడమ్మా, మళ్ళీ వచ్చాడు" అన్నారు.
పంపినవాడి చోట ఓ పెద్ద బ్యాంకు పేరు.
రొయ్యల చెరువుకి లోను మంజూరయిందట,
ముందుగా పదకొండు వేలు కడితే చాలట.

కిందటి నెల స్పామ్ అని ఫిర్యాదు పంపారాయన.
తిరుగు టపాలో ఒకటే ముక్క: హెడర్ లేదు.
ఉండదు మరి.
ముప్పయ్యేళ్ళుగా షెడ్డులో తలలు గిల్లి
ఒంటిని మాత్రమే తూకానికేసిన చేతులు
ఉత్తరాన్ని కూడా అలాగే వలిచి పంపాయి.

మా నాన్న ఉండి లాకు మీద లస్కరు.
కాలవలో నల్లనీళ్ళు దిగి
చేపలు తెల్లగా తేలినప్పుడు
"నీళ్ళు చెడిపోయాయండి" అని అర్జీ రాసుకొస్తే
మడిచి తిరిగిచ్చేసేవాడు.
ఏ తూము, ఏ పూట, గేజి మీద ఎన్ని అడుగులు,
అవి రాయి. కంపు సంగతి వాళ్ళకీ తెలుసు.

"అసలు చూపించు" నొక్కాను.
తెర నిండా చీమల బారు.
"ఆయ్, ఆ నాలుగు ముక్కలకి ఇంత తలకాయా!"

పై వరస మన తూము, బాబాయ్.
దాని ముద్ర నమ్మొచ్చు.
ఒక్కో వరసా కిందికి దిగుతుంటే
కాలవగట్టున ఎగువకి నడుస్తున్నట్టే.
ఈ లాకు ఆ లాకు దగ్గర పుచ్చుకుంది,
ఆ లాకు అంతకు పైదాని దగ్గర.
బ్యాంకు పేరంటావా, పడవ మీద రాసిన రంగు.
ఎవడైనా రాయించుకోవచ్చు.

నాలుగో వరసలో ఆగాను.
దేశాల గంటలన్నీ కూడి తీసి చూసినా
బయల్దేరకముందే చేరింది.
విజ్జేశ్వరంలో తలుపెత్తకుండా
ఉండిలో నీళ్ళు పారతాయా?
ఇక్కణ్ణుంచి కింద అంతా వాడి సొంత రాతే.
"అబద్ధమేగా, తీసేద్దామా?" అన్నారాయన.
వద్దు, ఉండనీ.
చేతివాటం అక్కడే దొరుకుతుంది.

అక్షరం చెదరకుండా జతచేసి పంపాను.
ఎవరు చదివారో, ఏ గేటు దించారో
నాకింకా కబురు లేదు.
పొద్దున్న ఇంకొకటి వచ్చింది, ఈసారి లాటరీ.

సాయంత్రం మాత్రం నాంచారయ్య గారి మనవరాలు
తామరాకు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.
అరకిలో రొయ్యలు,
తలలతో,
మీసాలు ఇంకా కదులుతూ.