కన్ను అంటు

రిజిస్టరు కాదు, మిషనంట.
బొటనేలు పెట్టమన్నాడు అశ్వర్థ సారు.
పెట్టినా. ఎర్రలైటు.
కొంగుతో తుడిచి పెట్టినా. ఎర్రలైటే.
ఎడమచెయ్యి పెట్టు పెద్దమ్మా అన్నాడు,
అదీ అంతే.

ముప్పై ఏండ్లు బుడ్డలు వలిచిన వేలు.
విత్తనాల కాలమొస్తే చాట ముందరేసుకొని
శేరుకింత అని కూలికి వలిచినాం.
గోరు అరిగిపాయ, గోరెనక గీతలూ అరిగిపాయ.
నేనెవరో నా వేలికే గుర్తులేదు,
మిషనుకేం తెలుస్తాది?

సారు పెన్నుతో రాసుకున్నాడు:
కుళ్ళాయమ్మ, నార్పల మండలం, యాభై రెండు,
వచ్చింది.

పదైదు దినాల ట్రైనింగు. దినానికి ఇంత బత్తెం,
మధ్యాన్నం చిత్రాన్నం.
నిజం చెప్తాండా, నేను పోయింది బత్తెం కోసరమే.
హుసేన్‌బీ వచ్చింది నాకు తోడుగా.
సుంకన్న యాటికి వచ్చినాడో ఆయప్పకే తెలీదు,
మూడు బోర్లేసి మూడిట్లోనూ దుమ్ము చూసినోడు.
పచ్చపరదా కింద నీళ్ళపైపు పట్టుకొని
పొద్దంతా ఆ సప్పుడే ఇంటాంటాడు.

నాలుగో దినం కత్తులిచ్చినారు.
కొడవలి ఎరుగుదుం, ఈలపీట ఎరుగుదుం,
ఇది మడిస్తే గుప్పిట్లో దాగేది.
పెన్సిలు లావు జంబేరి మొలక,
మొదుట్నుంచి జానెడు పైన బెరడు మీద గీత,
అడ్డం ఒకటి, నిలువు ఒకటి.
టీ అచ్చరం మాదిరి, అన్నాడు సారు.
నాకు టీ అంటే గ్లాసులో పోసేదే.
"గుంటక మాదిరి గీయక్కా" అన్నాడు సుంకన్న.
ఆ పొద్దు గీసిన గీత ఇంతవరకూ వంకరపోలా.

చీనీకొమ్మ నుంచి కన్ను తీయాల.
కన్నంటే ఆకు సంకలో నూకగింజంత గుబ్బ.
అది అవుపించాలంటే మా కండ్లకు అద్దాలు కావాల.
ఇరవై ముగ్గురికి ఒకటే జత, హుసేన్‌బీది,
ఒక కాడ ఇరిగి దారం కట్టింది.
ముక్కు నుంచి ముక్కుకు తిరిగి
సందేళకు ఆయమ్మ ముక్కు మీదికే చేరుతాది.

నాకు అద్దాలతో పని పడలా.
లోపల తడి ఉంటే బెరడు లేస్తాది,
లేకుంటే చినుగుతాది.
ఒత్తి చూస్తే గింజుందో లొట్టో
వలవకముందే చెప్పే వేలు గదా నాది.
మూడు మొలకలు పక్కన పెట్టినా,
ఇవి ఈ పొద్దు ఒప్పుకోవు సారూ,
నీళ్ళు పెట్టండి, రేపు చూద్దాం.
ఆ పిల్లోడు నమ్మలా. కోసినాడు.
పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చె.
ఏం మాట్లాడకుండా కత్తి తుడుచుకున్నాడు.

ట్రైనింగు అయిపోయినంక ఇరవై దినాలకు
మళ్ళీ రమ్మన్నాడు. బత్తెం లేదు.
అందరూ వచ్చినారు.

కన్ను కాడ మిగిల్చిన ఆకుకాడను తాకండి, అన్నాడు.
తాకంగానే రాలితే కన్ను బతికినట్టు,
అతుక్కొని ఎండితే పోయినట్టు.
తిరగేసి చెప్తాండాడేమో అనుకున్నా.
మొగుడు పోయినంక పదకొండేండ్లు
అదే ఎర్రచెక్కలో అదే బుడ్డవిత్తనం,
వానకు ముందర అప్పు, వాన పోయినంక ఏడుపు.
వదల్లేదు నేను. వదిలితే తప్పనుకున్నా.

నలభై కట్టినా. ఒక్కోటే తాకతా పోయినా.
రాలె.
రాలె.
ఇది రాలలా.
రాలె.
ముప్పై ఒకటి.
హుసేన్‌బీకి ఇరవై నాలుగు, అద్దాలతో.
సుంకన్నకు పన్నెండే, పైపు వదిల్తే గదా!

సర్టిఫికెట్టుకు మళ్ళీ మిషను తెచ్చినారు.
ఎర్రలైటు. ఈ తూరి నవ్వొచ్చె.
వేలికి జంబేరి పసరు అంటుకోనుండాది,
తుడుచుకోలా.

సారు మిషను బల్ల మీద పెట్టి పోయి
రెండు చేతుల్లో రెండు మొలకలతో వచ్చినాడు.
రొంత ఒత్తి చూడు పెద్దమ్మా.

కుడిచేతిది కానీ నాయనా, అన్నా,
ఎడమదానికి ముందు నీళ్ళు పొయ్యి.