తొంభై సెకన్లు

కాదిజ్‌లో గాలికి పేరుంది, లెవాంతే.
అది వీచే రోజున మైకుకి ఉన్నిటోపీ తొడగాలి,
లేకపోతే మనుషుల మాటలన్నీ
బండమీద తడిబట్ట ఉతికినట్టు వినిపిస్తాయి.
ప్రొఫెసర్ ఉర్రూతియా చెప్పిన మొదటి పాఠం ఇది.
రెండోది:
వార్తలో "నేను" ఉండకూడదు.

సరేనని రాసుకున్నాను.

మొదటి నెల, మార్కెట్లో చేపల ధరలు అడగబోయాను.
ఆమె కత్తి ఆపి,
పొలుసులంటిన వేలితో నన్ను కిందినుంచి పైదాకా కొలిచి
"ముందు నువ్వు చెప్పు, ఎక్కడిదానివి?"
లూయిజియానా అన్నాను.
"అది కాదు, అసలు?"
అసలు కూడా లూయిజియానాయే.
అమ్మమ్మకి అమ్మమ్మ దాకా పేర్లు తెలుసు,
ఆ పైన ఓడ.
ఓడ సంగతి వినే తీరిక ఆమెకి లేదు,
వెనక వరస పెరుగుతోంది.
ఆ రోజు రికార్డరు నిండా నేనే.
సార్డీన్లు కిలో ఎంతో మాత్రం లేదు.

ఇంటావిడ ఎన్కర్నా మంచిదే.
మారు వడ్డించకుండా లేవనివ్వదు.
పక్కింటివాళ్ళకి నన్ను చూపించేటప్పుడు
"అమెరికన్" అన్న మాట కొంచెం గట్టిగా అంటుంది,
పొంగే గిన్నె మీద మూత పెట్టినట్టు.

నవంబరులో గోర్గీ దొరికాడు.
(దొరకడం మా వృత్తి మాట. మనుషుల్ని అలా అనకూడదు.)
పెద్ద చర్చి వెనక సందులో దుప్పటి పరిచి
చలవ కళ్ళద్దాలు అమ్ముతాడు.
నాలుగు మూలలకీ తాళ్ళు,
నాలుగూ ఒకే ముడిగా అతని మణికట్టు దగ్గర.
పోలీసు కనబడితే ఒక్క లాగు,
కొట్టంతా మూటై భుజానికెక్కుతుంది.
నన్ను చూడగానే వోలోఫ్‌లో ఏదో పలకరించాడు.
నా మొహం చూసి ఆగి, నవ్వి,
స్పానిష్‌లోకి దిగాడు,
లేని మెట్టు మీద అడుగేసినవాడిలా.
ఆ ఒక్క క్షణం నేను ఎవరికో చెల్లెల్ని.

మూడు వారాలు అతని పక్కన గట్టు మీద కూర్చున్నాను.
సెనెగల్లో రేడియోలు బాగుచేసేవాడట.
నా హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని
"ఎడమ తీగ వదులైంది" అని
లైటరు వెలిగించి, గోటితో గీకి, అతికించి ఇచ్చాడు.
డబ్బులివ్వబోతే
కోపగించుకున్నాడు.

గురువారం. గాలి లేదు.
మామూలు బట్టల్లో ఇద్దరు.
తాళ్ళు లాగేలోపే దుప్పటి అంచు మీద బూటు.
"కాగితాలు," అతన్ని.
"కాగితాలు," నన్ను.
చేతిలో మైకు ఉంది. మెళ్ళో యూనివర్సిటీ కార్డు ఉంది.
వాళ్ళ చూపు అంతదాకా రాలేదు.
నీలం పాస్‌పోర్టు తీశాను.

నువ్వు కాస్తా మీరు అయ్యింది.
"ఏమీ అనుకోకండి సెన్యోరీతా,
బ్యాగు జాగ్రత్త, ఇక్కడ దొంగలుంటారు."
గోర్గీ మాత్రం నువ్వుగానే ఉండిపోయాడు.
వ్యాను ఎక్కుతూ నన్ను చూడలేదు.
నా చేతిలోని ఆ చిన్న పుస్తకాన్ని చూశాడు,
పక్కవాళ్ళ కంచంలోకి చూడకూడదని తెలిసినవాడు
పొరపాటున చూసినట్టు.

రికార్డరు నేను ఆపలేదు.
రాత్రి విన్నాను.
ఎడమ చెవిలో, అతను అతికించిన వైపు,
రాళ్ళ మీద కళ్ళద్దాలు చెదిరిన చప్పుడు.
కుడి చెవిలో నా గొంతు:
"నేను అమెరికన్‌ని. నేను అమెరికన్‌ని."
రెండుసార్లు.
రెండోసారి ఎవరూ అడగలేదు.

ఉర్రూతియా కళ్ళు మూసుకుని విన్నారు.
"మంచి శబ్దం. తొంభై సెకన్లకి కుదించు.
నీ గొంతు తీసెయ్, వార్త అతనిది."
నిజమే, అతనిదే.
తీసేస్తే
నువ్వు మీరు ఎందుకయ్యిందో ఎవరికీ తెలియదు.
ఉంచితే
అతని దుప్పటి మీద నా సరుకు పరిచినట్టుంటుంది.

తెల్లారేదాకా కోశాను.
మొదటి "నేను అమెరికన్‌ని" తీసేశాను.
రెండోది ఉంచాను.
ఎనభై ఎనిమిది సెకన్లు వచ్చింది.
మిగిలిన రెండింట్లో ఖాళీ వీధి,
ఎక్కడో ఒక షట్టరు.

మార్కులు తగ్గాయి.
పక్కన ఎర్రసిరాతో: రెండో పాఠం?

గోర్గీ ఫోను మోగుతుంది, మోగుతుంది.
హెడ్‌ఫోను తీయకుండానే చేస్తున్నాను.
ఎడమవైపు
ఎంత స్పష్టంగా ఉందో.